ఎర్రబడని రెక్కలు

కిరండూల్, మంగళవారం

తను రాస్తున్న దేవదూతల కథ నాకు అర్థం కాలేదని మనవరాలు మాధవి అంటోంది. అర్థమైంది, ఒప్పుకోబుద్ధి కాలేదంతే. స్వర్గం నుంచి తోసేస్తే జ్ఞాపకాలన్నీ పోయి మన ఇనుప గని కొండమీద పడ్డ దూతకు, ఇరవై అధ్యాయాలు గడిచినా రెక్కలు తెల్లగానే ఉన్నాయట!

"మీ తాతయ్య గని బట్టలు ముప్పై ఏళ్లు ఉతికాను. ఆ ఎర్ర ధూళి వదిలితే ఒట్టు" అన్నాను.

"ఇది ఫాంటసీ, అమ్మమ్మా!"

"అయితే ధూళికి సెలవిచ్చారా?"

ఇక రాయనంటూ నవల నోటుబుక్కును చిత్తు కాగితాల కట్టలో కుక్కేసింది. తల్లి పేరు గుర్తురాక దూత ఏడ్చిన పేజీని నేను మూడుసార్లు చదివాను. ఆ మాట ముందు చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది...

పొద్దున్నే చిత్తు కాగితాలు కొనేవాడు వస్తాడు. వాడికంటే ముందే లేచి, కట్ట విప్పి, నోటుబుక్కు తీసి మాధవి బల్లమీద పెట్టాలి.