ఘణపూర్‌కు సున్నా

బుచ్చన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసినా ఈ కబురు నీకే చెప్పాలి. నిన్న బీచుపల్లి జాతరలో చెడుగుడు పోటీ మన ఊరే గెలిచింది. ఖిల్లా ఘణపూర్ వాళ్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. నువ్వు నాయకుడిగా ఉన్నన్నాళ్లూ ఇలా ఎన్నడూ జరగలేదు.

నీ తర్వాత జట్టుకు నాయకుణ్ణి నేనే. చివరి కూతకు వెళ్తే ముగ్గురు నా కాళ్లు పట్టుకున్నారు. ఊపిరి వదలకుండా, మోకాలు చెక్కుకుపోతున్నా, నడి గీత దాకా పాకాను. అంత కూత నువ్వూ ఎప్పుడూ పెట్టలేదు.

మన జాతరలో గెలిచిన జట్టును నాయకుడి పేరుతోనే చాటుతారు కదా. ముసలి సాయన్న డప్పు కొట్టి, పాత అలవాటుకొద్దీ, "బుచ్చన్న దండు గెలిచింది" అని అరిచాడు. జనం ఈలలు వేశారు.

మీ తమ్ముడు పరుగున పోయి, "తాతా, మా అన్న లేడు గదా. గీ అన్న పేరు చెప్పు" అన్నాడు.

"అయ్యో, మర్చిన బిడ్డా. మల్ల చాటుత" అని సాయన్న డప్పెత్తాడు.

అప్పుడే జనంలో మీ అమ్మను చూశాను. ఏడాదిగా గడప దాటని మనిషి, నీ పేరు విని తలెత్తి నిలబడింది.

"వద్దు తాతా, గట్లనే ఉండనియ్యి" అన్నాను.

మంచితనమనుకోకు. రాత్రంతా కుళ్లుకున్నాను. గెలుపు నువ్వే ఉంచుకో. ఈ మోకాలి పుండు మాత్రం నాది, నీకియ్యను.

నీ వెంకటయ్య