మీరడిగిన ఆకు పేరు

సార్,

మీరు పోయి నేటికి ఏడాది. జడ్చర్ల కాలేజీలో మీ బోటనీ క్లాసు ఇప్పుడు నేనే చెబుతున్నాను. మీరు ఫోన్లు బయట పెట్టించేవారు, నేనేమో వాట్సాప్ గ్రూపు పెట్టాను. కోప్పడకండి, ముందు వినండి.

మీరు ఏటా ఒక గడ్డిచామంతి మొక్క పట్టుకొచ్చి "మీ ఇంట్ల దీన్నేమంటరు?" అని అడిగేవారు. ఒక్కరూ నోరు విప్పేవారు కాదు. మీ దగ్గర చదివినప్పుడు నేనూ విప్పలేదు. ఇంటి మాట చెబితే నవ్వుతారని భయం.

పోయిన వారం ఆ మొక్క ఫొటోనే గ్రూపులో పెట్టాను. అందరూ గూగుల్లోంచి ఒకే లాటిన్ పేరు దించేశారు. విసుగొచ్చి, "ఇంట్లో పెద్దవాళ్ల గొంతుతో చెప్పించి పంపండి" అన్నాను. మొదట షబానా వాళ్ల దాదీ గొంతు వచ్చింది.

"గిది పలకాకు బిడ్డా. దీంతోనే పలక రుద్దుతుంటిమి. నా సదువు గా పలక కాడనే ఆగింది."

ఇవాళ దాన్ని క్లాసులో వినిపించాను. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలోంచి మల్లేశ్ లేచాడు. "మాతాన గాయపాకు అంటరు మేడం. దెబ్బ తాకితే పిండుతరు." ఆ తర్వాత ఇంకో పేరు, మరో పేరు. అప్పుడు పిల్లలెవరి చేతిలోనూ ఫోన్ లేదు.

ఇన్నేళ్లు క్లాసులో రాని మాట ఫోన్లో ఎందుకొచ్చిందో, అక్కణ్నుంచి నోటికెలా వచ్చిందో నాకింకా అంతుపట్టలేదు. మీరుంటే ఇద్దరం కూర్చుని తేల్చుకునేవాళ్లం.

మీరడిగిన రోజు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మా అవ్వ కూడా దాన్ని పలకాకు అనే అనేది, సార్.