సభలో ఆగిపోయిన నవ్వు

అప్పా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చెల్లినని కూర్చోబెట్టి నువ్వు నేర్పిన అక్షరాల వల్లే ఈ కొత్త ఒరిస్సా రాష్ట్రంలో, చదువొచ్చిన ఆడదాన్నని నాకు ఓటు వచ్చింది. ఆ సంగతి నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మొన్న బరంపురంలో ఎన్నికల సభ జరిగింది. నేను పాఠం చెప్పే బడికి పెద్ద అయిన మనిషే అభ్యర్థి. నీ నీలం చీర కట్టుకుని నేనూ వెళ్ళాను.

"ఆడోళ్ళకీ ఓటిచ్చినారు. సీర ఎంచుకోడానికే మూడు పూటలు పడతాది. మనిషిని ఎంచుకోడానికి ఎన్నాళ్ళు పడతాదో" అన్నాడాయన. సభంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు.

నేను లేచాను. "ఇందులో నవ్వడానికి ఏటుందో సెప్పండి బాబూ" అన్నాను.

"అదేటంటే, ఆడోళ్ళు..." అని మొదలుపెట్టి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మార్కండి నుంచి చేపలు తెచ్చి అమ్మే పైడమ్మ నా పక్కనే ఉంది. "సూసి ఎంచుకోడమే మంచిది బాబూ. సూడకుండా తెస్తే సిరుగు ఇంటికెల్లాకే కనబడతాది" అంది. అప్పుడు ఆడవాళ్ళం నవ్వాం.

ఇవాళ బడి గుమాస్తా క్షమాపణ కాగితం తెచ్చాడు. "సంతకం పెట్టీయండి పంతులమ్మగారూ. లేపోతే బడికి రావద్దన్నారు" అన్నాడు. బావ కూడా పెట్టమనే అన్నాడు. నేను కాగితం తిప్పి పంపేశాను.

రేపు మామూలు వేళకే వెళ్తాను. తలుపుకి తాళం వేసి ఉంటే, పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్తాను.

నీ చెల్లి
నరసమ్మ