అన్న తుపాకీకి ఇసుక సంచి

బంద్ రోజు, రాత్రి

ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్నప్పటి నుంచి అన్న కుడి చెయ్యి వణుకుతోంది. మళ్లీ ఎయిర్ రైఫిల్ కాల్చాలని ఆశ. తుపాకీ ఆనించడానికి చెక్క స్టాండు కంటే ఇసుక సంచి మేలనుకుని, ఎల్బీ నగర్‌లో నేను పనిచేసే సీటు కవర్ల షాపులో నిన్న రెగ్జిన్‌తో కుట్టాను. స్కూటర్ సీటులా బిగించి నింపాను. ఈరోజు మీర్‌పేట్‌లో మా మేడ మీద పెట్టి చూస్తే తుపాకీ నిలవక జారింది.

"ఏందిరా, గిది బండరాయా? జర ఇసుక తియ్," అని అన్న నవ్వాడు.

సగం తీశాక తుపాకీ కుదురుగా కూర్చుంది. గోడకున్న అట్టముక్కకు గురిపెట్టాడు. గొట్టం కదల్లేదు. ట్రిగ్గర్ మీద వేలి వణుకే ఆగలేదు. గుండు అట్టను తప్పి గోడకు తగిలింది.

"సంచి మంచిగనే కుట్టినవ్ తమ్మీ," అన్నాడు.

ఆ రోజు అన్న మీద లాఠీ ఎత్తిన పోలీసు చెయ్యి ఈ పూట అన్నం ముద్ద వణక్కుండా ఎత్తుకుని ఉంటుంది.