ఆఖరి పేజీలు లేని హత్య

బరంపురం, ఆసుపత్రి వరండా
సోమవారం

ధర్మలింగం బావకు,

నీ చెల్లెలు పద్మావతి కులాసా. నన్ను తిట్టే ఓపిక ఉంది కాబట్టి కులాసా అని రాస్తున్నాను. కడుపులో గడ్డకు గురువారం ఆపరేషన్ అన్నారు. అది అలా ఉంచు. ముందు ఒక్క మాట నిజం చెప్పు. నువ్వు చదవకుండానే మాకిచ్చిన ఆ హత్య నవలలో ఆఖరి పేజీలు పీకింది నువ్వేనా?

నా మీద నీకు కచ్చ ఉందని తెలుసు. నువ్వు ఏ డిటెక్టివు పుస్తకం పట్టుకున్నా, కొడల సంతలో అందరి ముందూ హంతకుడి పేరు అరిచి చెప్పేవాణ్ణి. కానీ బావా, కచ్చ తీర్చుకోవడానికి ఇది సమయం కాదు.

పద్మ ఒడియా బడిలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అందుకని అయిదో తరగతిలో బడి ఎగ్గొట్టిన నేనే పుస్తకాలు చదివి వినిపించాలి. ఇంట్లో నాకున్న గౌరవం అదొక్కటే. నేనేమో ముందే ఆఖరు చూసేసుకుని, హంతకుడు వచ్చిన చోటల్లా ఉత్తుత్తి దగ్గు దగ్గుతాను. "ఏటి మావా, ఆ దగ్గేటి? ఆడేనా?" అంటుంది. ఒక్కోసారి ఏ పాపం ఎరగని వాడి దగ్గర కూడా దగ్గి ఏడిపిస్తాను.

ఈ నవలకు దగ్గే వీల్లేకపోయింది. పుస్తకం సంచిలోంచి తీసేసరికే వెనక పేజీలు లేవు. కలప షావుకారు తలుపు గడియ వేసుకున్న గదిలో చచ్చిపడి ఉంటాడు. మేనల్లుడు చంపాడనుకున్నాం. కాదు, వంటావిడ అనుకున్నాం. ఆ పొర తీస్తే, చచ్చినవాడు షావుకారే కాదని తేలింది. నేను చదువుతుంటే వార్డులో మంచాలన్నీ ఇటు తిరిగాయి. పక్క మంచం కాసమ్మ తనను చూడ్డానికొచ్చిన డాక్టరుతో, "డాక్టరు బాబూ, ఉండండి, గడియ ఎవులు ఏసారో తెలిసిపోద్ది" అంది.

నిన్న పద్మ ఆపరేషన్ వద్దంది. "ఇంటికెల్లిపోదాం మావా. నాను ఆ బల్లమీంచి లెగను" అంది. "హంతకుడెవడో నువ్వు లేచొచ్చాకే చెప్తాను" అనేశాను. నన్ను ఎగాదిగా చూసి, సరేనంది. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. హుమ్మలో నా దగ్గర ఉప్పు కొనేవాళ్ళందరినీ నవ్వించే నోరు ఇక్కడ ఎండిపోతోంది. పేజీలు నీ దగ్గరుంటే బస్సు కండక్టరు చేతికివ్వు.

నీ చెల్లెలి మొగుడు,
లక్ష్ముడు


బరంపురం, అదే వరండా
శనివారం

పీకని బావకు,

నువ్వు ఒట్టేసి రాసిన కార్డు అందింది. నమ్మాను. దొంగ దొరికింది.

ముందు మంచి కబురు. గడ్డ తీసేశారు. చెడ్డ గడ్డ కాదన్నారు. ఆ మాట విన్నాక వరండాలో కూలబడి ఎంతసేపు ఉన్నానో తెలీదు. ఊడ్చే అమ్మాయి వచ్చి కాళ్ళు తియ్యమంటే లేచాను.

పద్మ కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడగలేదు. "ఆడెవుడు?" అంది. నేను గొంతు సవరించుకుని, "మేనల్లుడే" అని ఒక కథ కట్టాను. కళ్ళు మూసుకునే మొత్తం వింది.

"అబద్ధం. ఆడికి ఎడం సెయ్యి పనిసెయ్యదని నువ్వే సదివేవు. రెండు సేతులూ కావాల్సిన గడియెలాగేసేడు?" అంది.

దొరికిపోయాను. ఆఖరి పేజీలు లేవని చెప్పేశాను.

"ఉన్నాయి. నీ తలగడ ఇప్పు."

ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు, వరండాలో పడుకోవడానికని తనే నా సంచిలో పెట్టిన తలగడ అది. కుట్టు విప్పితే దూదిలో ఆఖరి పేజీలు, మడత నలక్కుండా. ఇన్నాళ్ళూ హంతకుడి మీద తల పెట్టుకుని పడుకున్నాను బావా.

"ప్రతీపాలీ ముందే సూసేసి దగ్గుతావు. ఈపాలికి నాతోపాటు నీకూ తెలీకూడదని దాసేను" అంది.

"నువ్వు లేచి రాకపోతే?"

"ఎప్పుడో ఒకనాడు తలగడ సిరుగుద్ది కదా. అప్పుడు నువ్వొక్కడివీ సదువుకుందువు."

అప్పుడు నాకు దగ్గొచ్చింది. ఈసారిది నిజం దగ్గు.

నిన్న సాయంత్రం ఆ పేజీలు చదివాం. ఇద్దరికీ తెలియని కథ ఇద్దరం కలిసి వినడం ఇదే మొదలు. పేజీ తిప్పబోతే నా చెయ్యి పట్టుకుని, "ఆగు, నన్ను సెప్పనీ" అని పేరు చెప్పింది. తిప్పాను. వాడే. కాసమ్మ చప్పట్లు కొట్టింది. నేను నాలుగు పొరలకీ నాలుగుసార్లు మోసపోయాను. మోసపోవడంలో ఇంత సుఖం ఉందని తెలియక, ఇన్నేళ్ళూ ముందే ఆఖరు చూసుకుని నష్టపోయాను.

హంతకుడెవరో నీకు చెప్పను. ఆసుపత్రి వాసన పడదని ఇటు తొంగి చూడకుండా కూర్చున్నావు కదా. పుస్తకం కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను, హాయిగా చదువుకో. ఆఖరి పేజీలు మాత్రం మళ్ళీ తలగడలో పెట్టి కుట్టేశాం. తలగడ ఇప్పుడు నీ చెల్లెలి తలకింద ఉంది. వచ్చి అడుక్కో.

దగ్గడం మానేసిన
లక్ష్ముడు