మైనస్ ఎనభై తొమ్మిది

జులై 14, సోమవారం

మా కాలేజీ వైఫై రౌటర్‌లో, ఏ ఫోను ఎప్పుడు కలిసిందో చూపే లాగ్ ఏడు రోజులే ఉంటుంది. ఎనిమిదో రోజుకి పాతది చెరిగిపోతుంది. ఆ తర్వాత నేను చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే ఇవాళ్టి నుంచి రాసిపెడుతున్నాను.

కమ్యూనిటీ కాలేజీలో మాది ఆరు నెలల నెట్‌వర్కింగ్ కోర్సు. వైఫైకి ఏయే ఫోన్లు కలిశాయో రోజూ నోట్ చేసే డ్యూటీ ఈ నెల నాది. ఉదయం 11.40కి లిస్టులో ఒక పేరు వచ్చింది. హీరో వినోద్.

ఆ పేరు నేను పెట్టిందే. మా అన్న పట్టుబట్టి తన ఫోనుకి పెట్టించుకున్నాడు. జూన్ 17న వేటకి పోయిన పడవ తిరగబడింది. ముగ్గురు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. అన్న రాలేదు, ఇప్పటిదాకా దొరకనూ లేదు. ఫోను అతని జేబులోనే ఉంది.

సిగ్నల్ మైనస్ 89. ఆ అంకె ఎంత పెద్దదైతే ఫోను అంత దూరంలో ఉన్నట్టు. 89 అంటే అందీ అందని దూరం. రెండు నిమిషాలుండి పోయింది.

జులై 15

11.40. మైనస్ 81.

పక్క సిస్టమ్‌లో కూర్చునే సానియాకి చూపించాను. ఏందిమే, ఊరికొక హీరో ఉండాడు, ఎవుడో పెట్టుకోనుంటాడు అని నవ్వింది. నా రికార్డు తెరిచాను. మొదటి నెలలో ఇంట్లో ఒక ఫోను మ్యాక్ అడ్రస్ రాసుకు రమ్మంటే అన్న ఫోనుదే రాశాను. ఫోనుకి పుట్టుకతో వచ్చే నంబరది. పన్నెండు అక్షరాలూ కలిశాయి. సానియా నవ్వడం ఆపింది.

జులై 16

మైనస్ 74.

జులై 17

సాయంత్రం హజరత్తయ్య మామ వచ్చాడు. ఇంక ఎన్నాళ్ళు చూస్తావక్కా, 24 గురువారం అమావాస్య, ఆ పొద్దు ఫోటోకి దండేసి దినం చేసేస్తాం, పిల్లోడికి దారి ఇయ్యాల గదా అన్నాడు. అమ్మ ఇప్పటికీ అన్నకి కంచం పెడుతోంది. బతికుండేవోడికి దినం చేసే తల్లి ఏడన్నా ఉందా, నా చేత చేయించబాకరా అంది. మామ నా వైపు తిరిగి, చదువుకున్నదానివి, నువ్వు చెప్పు అమ్మణ్ణీ, ఉండాడా లేడా అని అడిగాడు.

మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే. కరెంటు బిల్లయినా డాక్టరు చీటీ అయినా నేను చదివిందే నిజం. ఇద్దరూ నా నోటి వైపే చూశారు.

ఇవాళ మైనస్ 67. ఆ మాట చెప్పలేదు.

జులై 18

మాకు పాఠాలు చెప్పే క్రీస్తురాజు సర్‌కి చెప్పేశాను. ఏ కంప్లైంట్ వచ్చినా ముందు కేబుల్ చూడు ఉషారాణీ, దయ్యాన్ని తర్వాత చూద్దాం అన్నారు. లిస్టు చూశాక మాత్రం, ఫోను ఎవరికో దొరికుంటుంది, పాస్‌వర్డ్ తెలిసినవాడే, మార్చి పారేయ్ అన్నారు.

మార్చాను. కీబోర్డు మీద చేతికొచ్చిన పదహారు అక్షరాలు. సర్‌కి కూడా చెప్పలేదు.

జులై 21, సోమవారం

సర్ ఫోను కలవలేదు. సానియాది కలవలేదు. నా ఫోను ఆఫ్ చేశాను. 11.40కి లిస్టులో ఒకటే పేరు.

మైనస్ 46. అంటే ప్రహరీ లోపల.

సర్ బయటికి పోయి కాలేజీ చుట్టూ తిరిగొచ్చారు. చెప్పుల నిండా బురద. ఎవరూ లేరన్నారు. నువ్వు రెండు రోజులు ఇంటికాడ ఉండమ్మా అన్నారు. నా ముఖం చూడలేదు.

జులై 22

అయినా కాలేజీకి వెళ్ళాను. మైనస్ 38.

అమ్మకి చెబితే ఇక జన్మలో దినం చేయదు, అన్నకి దారి లేకుండా పోతుందేమో. చెప్పకపోతే ఎక్కడో బతికున్నవాడికి నేనే దండ వేయించినట్టు. మామ అప్పుడే పూలకి చెప్పొచ్చాడు.

జులై 23. 11.40

నా ఫోనుని రౌటర్‌కి ఆనించి పెడితే మైనస్ 30 చూపిస్తుంది. అన్న ఫోనుది మైనస్ 22.

ల్యాబ్‌లో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

అన్నా, నీకు చదవడం రాదు కాబట్టి ఇది పైకి చదువుతున్నాను. దినం చేయమంటావా, వద్దా? వద్దంటే రేపు కూడా రా. చేయమంటే రావద్దు. అమ్మని 11.40 దాకా ఆపుతాను. రేపు జులై 24, గురువారం. ఆ లోపల జవాబు చెప్పు.