కీరదోస పంట పోయిందని నా భార్యకు ఒక్క మాట చెప్పవలెనని

జమ్మలమడుగు ఉద్యానాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాలీహౌస్‌లోని మా కీరదోస పంట ఇక బతకదని నా భార్యకు తమరు స్వయంగా తెలియజేయుట గురించి.

జమ్మలమడుగు మండలంలో పాలీహౌస్ సాగు చేసుకొనుచున్న బెంజమిన్ అను నేను తమ దృష్టికి తెచ్చు సంగతులు:

1. కిందటి పంటకు తెల్లదోమ పడగా, నా భార్య కీర్తన పురుగుమందు కొడుతూ, గాలాడని ఆ ప్లాస్టిక్ కప్పు కిందనే స్పృహ తప్పి పడిపోయినది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవనియు, మరల మందు వాసన తగిలితే ప్రాణానికే ముప్పనియు ప్రొద్దుటూరు డాక్టరు గారు చెప్పియున్నారు.

2. తదుపరి ఈ పంటకును దోమ పడగా, మేము విషమందులు మాని, పురుగులను చంపే బూజు పొడి తెచ్చి, నీళ్లలో కలిపి సాయంత్రం పూట చల్లితిమి. సదరు బూజు దోమ ఒంటికి అంటుకుని, లోపలికి పాకి, దానిని చంపును. కొద్ది రోజులకు ఆకుల అడుగున దోమలు చచ్చి, తెల్లగా నూగు పట్టినవి. కీర్తన ఒక ఆకు తిప్పి, "ఇట్ల సూడు, దోమలకు గూడా తలలు నెరిసినాయి" అని నవ్వినది. ఆసుపత్రి నుండి వచ్చాక ఆమె నవ్వుట అదే మొదలు. ఈ వాక్యం అర్జీకి అవసరం లేదని తెలిసియు వ్రాయుచున్నాను.

3. బూజుకు తేమ కావలెను. ఎండలు ముదిరి మా బోరు ఎండిపోయినది. మంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లు ఆగిపోయినవి. లోపలి వేడికి బూజు పనిచేయలేదు. దోమ తిరిగివచ్చి, ఆకులు పసుపుబారి ముడుచుకున్నవి.

4. నీళ్ల ట్యాంకరు కోసం నేను పులివెందులకు పోయిన రోజున, కీర్తన ముఖానికి చున్నీ చుట్టుకుని పాత పురుగుమందే కొట్టినది. నేను వచ్చేసరికి గట్టు మీద కూర్చుని ఊపిరి అందక కొట్టుకొనుచున్నది. "ఎందుకు పోయినావు మే?" అనగా, "నువ్వొగనివే ఎన్ని తిప్పలు పడ్తావు?" అన్నది.

5. ఇప్పుడు మంచం దిగితే ఆయాసం. అయినను ఇంకొక దఫా మందు కొట్టవలెనని పట్టు. పంట పోయినదని నేను చెబితే, "నువ్వేమన్నా ఆఫీసరువా? ఆఫీసరొచ్చి చెప్తే నమ్ముతా" అంటున్నది.

కావున నేను నష్టపరిహారం గాని, కొత్త బోరు గాని కోరుట లేదు. తమరు ఒకసారి వచ్చి, ఆకు తిప్పి చూసి, పంట అయిపోయినదని ఆమెతో ఒక్క మాట అనవలెను. ఇంతకుమించి అడుగుటకు నాకేమియు మిగలలేదని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కీర్తన భర్త బెంజమిన్

తా.క.: సార్, ఆఫీసరును పిల్చుకొస్తానని చెప్పి బయల్దేరుతాంటే, "ఆయనొచ్చేలోపల దోమ కనపడకుండా చేయాల" అని మళ్లీ స్ప్రేయరు ఎత్తుకునింది. లాక్కొని, ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి, మొక్కలన్నీ పీకేసినా. ఇప్పుడు నాతో మాట్లాడ్డం లేదు. మీరొచ్చినప్పుడు, పీకింది తప్పు కాదని చెప్పండి. పీకేటప్పుడు కొన్ని తీగలకు పిందెలు కనపడినాయి. ఆ మాట మాత్రం ఆమె దగ్గర ఎత్తొద్దు సార్.